గ్రూపులో అంతా చెప్పేస్తే మన షాపుకి మిగిలేదేంటి?

పోయిన సంచికలో ఒకాయనకి జవాబిస్తూ "వ్యాపారంలో తెలిసింది నలుగురికీ చెప్తే నష్టం కన్నా లాభమే ఎక్కువ" అని ఒక ముక్క రాసి వదిలేశాం. ఇక చూడండి, మెయిళ్లు, ఉత్తరాలు, వాయిస్ మెసేజ్‌లు. సగం మంది నిజమే అన్నారు, మిగతా సగం "మీదేం పోయింది, మీరు షాపు నడపట్లేదుగా" అన్నారు. ఆ మాటా నిజమే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని అందరివీ ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (భీమవరం): నమస్కారమండి. మాది రొయ్యల మేత, మందుల షాపండి. కొన్నేళ్ల కిందట రైతులతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను, ఇప్పుడు నాలుగు వందల మంది పైనే ఉన్నారు. అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు ఫొటో పెట్టి అడుగుతారు, నాకు తెలిసింది చెప్తాను. ఇప్పుడు ఏమైందంటే వేరే షాపుల వాళ్లు ఇద్దరు మామూలు రైతుల్లాగా గ్రూపులో చేరి, నేను చెప్పేదంతా చదివి, అదే రైతుకి ఫోన్ చేసి కిలోకి రెండు రూపాయలు తక్కువకి మేత ఇస్తామంటున్నారండి. మా బావమరిది "నువ్వు పాఠాలు చెప్పు, వాళ్లు బిల్లులు కొట్టుకుంటారు" అని రోజూ ఎత్తిపొడుస్తున్నాడు. గ్రూపు మూసేయమంటారా?

జవాబు: మూసేయకండి. మీ బావమరిది లెక్క మొత్తం తప్పని అనట్లేదు గానీ, ఆయన మీ దగ్గర్నుంచి బయటికి పోయేది ఒక్కటే లెక్కేస్తున్నారు, లోపలికి వచ్చేది లెక్కేయట్లేదు.

మీ గ్రూపులో మామూలుగా వచ్చే మెసేజే తీసుకుందాం. తెల్లవారుజామున రైతు పెడతాడు, "రొయ్య గట్టుకొచ్చేసింది, చెక్ ట్రేలో మేత అలాగే ఉంది, ఏం కొట్టమంటారు" అని. ఆ ఒక్క ముక్క చదివి మందు పేరు చెప్పేసేవాడికి బిల్లు కొట్టడం వచ్చేమో గానీ రొయ్య గురించి తెలీదు. ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా రొయ్య పైకే వస్తుంది, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలినా గట్టు పట్టుకునే తిరుగుతుంది, బయటికి రెండూ ఒకేలా కనపడతాయి. రాత్రంతా చెరువులో ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు కూడా ఆక్సిజనే పీల్చుకుంటాయి కాబట్టి పొద్దు పొడిచే ముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా కిందకి దిగిపోయి ఉంటుంది. అందుకని తెలిసినవాడు ముందు ఎదురు ప్రశ్నలేస్తాడు, డీఓ ఎంత చూపిస్తోంది, ఎన్నో రోజు పంట, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి, తలకాయ పెంకు తీసి వెలుతురుకి పెడితే తెల్ల మచ్చలున్నాయా. డీఓ మీటరు మూడో అంతకన్నా తక్కువో చూపిస్తే కావాల్సింది ఏరేటర్లు. డీఓ బాగానే ఉండి పెంకు మీద మచ్చలుంటే పీసీఆర్ టెస్టుకి పంపాలి, అది వైట్ స్పాటే అయితే దానికి మందు లేనే లేదు, అమ్మేవాళ్లు ఉన్నారు గానీ మందు లేదు.

అంటే రెండు దారుల్లోనూ ఆ రాత్రి మీకు ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదు. కానీ ఆ రైతు పంట చివర్లో ఎక్కడ మేత కొంటాడు? అందరూ మీ దగ్గరే కొంటారని నేను రాసివ్వను, మీ వ్యాపారం సగం అరువు మీద నడుస్తుంది కదా, ఎవరు ఎక్కువ రోజులు అరువిస్తే అటు పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండు రూపాయలు తగ్గించేవాడు మీ గ్రూపు లేకపోయినా తగ్గిస్తాడు, ఆ పోటీకీ గ్రూపుకీ సంబంధం లేదు, రెండూ కలిపి చూడకండి.

అసలు లాభం వేరే చోట ఉంది. నాలుగు వందల మంది రైతులు మీకు రోజూ జీతం లేకుండా రిపోర్టులు పంపిస్తున్నారు. ఒకే హేచరీ నుంచి ఒకే బ్యాచ్ సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన ముగ్గురు, ముగ్గురూ మూడు ఊళ్లవాళ్లు, నలభై రోజులకి "సైజులు ఎక్కువ తక్కువలు వస్తున్నాయి, ఎదుగుదల లేదు" అని వేరువేరుగా రాశారనుకోండి. అది ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదల ఆపేసే పరాన్నజీవి జబ్బు) కావచ్చు, టెస్టు చేయించండి అని మిగతా వాళ్లకి చెప్పగలిగేది ఎవరు? ముగ్గురి మెసేజ్‌లూ ఒకేచోట చూసినవాడే. ఈ ముక్క మీకు ఏ కంపెనీ సేల్స్ మనిషీ చెప్పడు, హేచరీ వాడు అసలే చెప్పడు. ఏ సరుకు తెప్పించాలి, ఏది ఆపాలి, ఎవరికి ఎంత అరువివ్వచ్చు, ఇవన్నీ దీంట్లోంచే తేలతాయి. ఆ ఇద్దరు షాపువాళ్లు కూడా చదువుతారు కదా అంటారా, చదవనివ్వండి. రైతు ప్రశ్న అడిగేది మిమ్మల్ని, "సార్ మీరు చెప్పినట్టు చేశాను, పొద్దున్నకి సర్దుకుంది" అనో "ఏం పని చెయ్యలేదు" అనో తిరిగి చెప్పేదీ మీకే. చెప్పింది ఎవరైనా కాపీ కొడతారు గానీ, పని చెయ్యలేదని చెప్పడానికి ఎవరికి ఫోన్ చేస్తారో అది కాపీ కొట్టలేరు.

పైగా మీ జిల్లాకి ఇది కొత్తేం కాదు. తొంభైల్లో వైట్ స్పాట్ దెబ్బకి టైగర్ రొయ్య వేసినవాళ్లు ఎలా మునిగిపోయారో పెద్దవాళ్లని అడగండి. తర్వాత 2000లో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు, నాకా అనే ఆసియా పసిఫిక్ ఆక్వా సంస్థతో కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు, 2002లో మీ దగ్గర్లోని మొగల్తూరులో ఐదుగురు రైతులతో ఊరి స్థాయి ప్రయోగం చేశారు. చేసింది బ్రహ్మవిద్య ఏం కాదు. సీడ్ టెస్టు చేయించే వెయ్యడం, చుట్టుపక్కల వాళ్లంతా దాదాపు ఒకేసారి వెయ్యడం, ఎవరి చెరువులో జబ్బు వచ్చినా దాచకుండా పక్కవాడికి చెప్పడం, జబ్బు నీళ్లు శుద్ధి చెయ్యకుండా కాలవలోకి వదలకపోవడం. అది పని చేసి పక్క ఊళ్లకి ఆక్వా క్లబ్బులుగా పాకింది, 2007లో నాక్సా అనే జాతీయ కేంద్రమే దీనికోసం వచ్చింది. అప్పుడు వాట్సాప్ లేదు, గట్టు మీద మీటింగులే. ఇప్పుడు మీరు చేస్తున్నది దాని కొనసాగింపే. జబ్బు కబురు దాచుకుంటే లాభమేం లేదు, ఇవాళ పక్కవాడికి చెప్పకపోతే రేపు వాడు వదిలిన నీళ్లు అదే కాలవలోంచి మీ కస్టమర్ చెరువులోకి వస్తాయి.

ఇక చెప్పకూడనివి ఉన్నాయి, అవి గట్టిగా పాటించండి. ఏ రైతు మీకు ఎంత బాకీ, ఎవరు చెరువులో రొయ్య పట్టేది ఎప్పుడు, ఎవరికి ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత రేటు కుదిరింది, కంపెనీ మీకు ఇచ్చే స్కీమ్ ఎంత, ఇవి గ్రూపులో రాకూడదు. ఎవరైనా నిషేధించిన యాంటీబయోటిక్ పేరు పెడితే ఆ మెసేజ్ డిలీట్ చేసి, ఎందుకు తీసేశారో కూడా చెప్పండి, ఎక్స్‌పోర్ట్ కంటైనర్ అవతలి దేశంలో ఆగిపోతే రేటు పడేది అందరికీ. ఆ ఇద్దరు షాపువాళ్లని తీసేయకుండా షాపు పేరుతోనే ఉండమనండి, ప్రశ్న వస్తే వాళ్లనీ జవాబు చెప్పమనండి. చెప్తే గ్రూపుకి మంచిది, చెప్పలేకపోతే అది నాలుగు వందల మందీ చూస్తారు.

ఇంకొక్కటి, వాట్సాప్‌లో చెప్పింది వారం తిరిగేసరికి పైకి పోయి ఎవరికీ దొరకదు. నెలకోసారి కూర్చుని, తేలిపోయిన కేసులు నాలుగైదు తీసి, లక్షణం ఏంటి, ఏం అడిగాం, ఏం తేలింది, చివరికి ఏమైంది అని ఐదారు లైన్లు రాసి ఒక పీడీఎఫ్ చేసి గ్రూపులో పిన్ చెయ్యండి. రాయడానికి మీ బావమరిదినే కూర్చోబెట్టండి, ఎత్తిపొడుపు తగ్గుద్ది.

ప్రశ్న (విజయవాడ ఆటోనగర్): అన్నా, నాన్నది కార్ల మెకానిక్ షెడ్డు. నేను రిపేర్లు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నా. నాన్నేమో "ముప్పై ఏళ్ల విద్య మూడు నిమిషాల్లో చూపించేస్తున్నావురా" అని తిడుతున్నాడు. ఎవరిది కరెక్ట్?

జవాబు: తమ్ముడూ, వీడియో చూసి బండి తనే బాగుచేసుకునేవాడు ఎలాగూ మీ షెడ్డుకి వచ్చేవాడు కాదు. చూసి భయపడి, అమ్మో ఇది మనవల్ల కాదు అనుకున్నవాడే వస్తాడు, పైగా ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసి వస్తాడు. కానీ ఏది తీస్తున్నావన్నది చూసుకో. స్కానర్ పెడితే పీ0420 కోడ్ వచ్చింది అనుకుందాం, నెట్‌లో ఎక్కడ వెతికినా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చెయ్ అంటారు, దాని ఖరీదు నీకు నేను చెప్పక్కర్లేదు. మీ నాన్న ఏం చేస్తారు? ముందు సైలెన్సర్ లైన్‌లో ఎక్కడైనా గ్యాస్ లీకవుతోందేమో చూస్తారు, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ చూస్తారు, అవి రెండూ బాగుంటేనే కన్వర్టర్ దాకా వెళ్తారు. ఆ వరస తియ్యి. మధ్యలో ఆయన ఎందుకు ఆగి ఆలోచించారో ఆయన నోటితోనే చెప్పించు. పార్ట్ విప్పి బిగించే వీడియోలు లక్ష ఉన్నాయి, ఇలాంటివి తెలుగులో తక్కువ. కింద కామెంట్లలో వేరే ఊరి మెకానిక్‌లు "మా దగ్గర ఇదే బండికి వైరింగ్ తేడా వచ్చింది" అని రాస్తారు చూడు, అవి నాన్నకి చదివి వినిపించు. ఆయన తిట్టడం ఆపుతారని గ్యారంటీ లేదు గానీ, "వాడి ఫోన్ నంబర్ ఉందా" అని మాత్రం అడుగుతారు.

ప్రశ్న (కరీంనగర్): నమస్తే అన్నా. మా బాపుకు గ్రానైట్ క్వారీల వాటా ఉంది. కంపెనీ లోపటి ముచ్చట్లు ఆన్‌లైన్‌ల పెట్టుడు అంటే మావోళ్లకు నవ్వులాట అయితంది. అసలు ఎవలన్న పెద్ద కంపెనీ తన గుట్టు బయటపెట్టి బాగుపడ్డదా? ఒక్క నికరమైన ముచ్చట చెప్పు, బాపుకు వినిపిస్త.

జవాబు: గని ముచ్చటే చెప్తా, బాపుకి దగ్గరగా ఉంటుంది. కెనడాలో గోల్డ్‌కార్ప్ అని బంగారం గనుల కంపెనీ ఉండేది, ఒంటారియోలో రెడ్ లేక్ అనే చోట వాళ్ల గని. లోపల బంగారం ఉందని తెలుసు, ఎక్కడ తవ్వాలో సొంత జియాలజిస్టులకి అంతు చిక్కట్లేదు. ఆ కంపెనీ పెద్ద రాబ్ మెక్‌యువెన్ ఒక సదస్సులో లినక్స్ గురించి విన్నాడు, అంటే ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి అందరికీ బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. విని, మనం కూడా ఇట్లనే చేద్దాం అన్నాడు. గనుల వాళ్లకి భూగర్భం డేటా అంటే ప్రాణం, బయటోళ్లని దగ్గరికి కూడా రానివ్వరు, సొంత జియాలజిస్టులే భయపడ్డారు. అయినా వినకుండా 2000 మార్చిలో సుమారు 55 వేల ఎకరాల డేటా మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేసి, ఎక్కడ తవ్వాలో చెప్పినవాళ్లకి 5 లక్షల 75 వేల డాలర్ల బహుమతులు అన్నాడు.

యాభై దాకా దేశాల నుంచి ఎంట్రీలు వచ్చినయి. అన్నీ కలిపితే 110 జాగాలు తేలినయి, అందులో సగం కంపెనీ వాళ్లు అసలు అనుకోనివి, తవ్వి చూస్తే 80 శాతం పైగా చోట్ల బంగారం పడ్డదని కంపెనీ చెప్పింది. మొదటి బహుమతి ఆస్ట్రేలియా వాళ్లకి పోయింది, వాళ్లు ఆ గని ఎప్పుడూ చూడలేదు, డేటాతో కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ గీసి చెప్పారు.

ఇంతవరకు అందరూ చెప్తారు. బాపు అడగాల్సింది, అడుగుతాడు కూడా, "మరి డేటా చూసి వేరేటోడు తవ్వుకపోతే?" అని. తవ్వుకపోలేడు, భూమి హక్కులు గోల్డ్‌కార్ప్‌వే. నీ దగ్గర ఇంకేదో గట్టిగా ఉండి, అది లేకుండా ఎదుటోడికి ఈ సమాచారం ఒక్కటే ఎందుకూ పనికిరానప్పుడు, దాన్ని దాచుకుంటే నువ్వే నష్టపోతావు. క్వారీకి లీజు పత్రాలు మీ చేతిలో ఉన్నాయంటే రాయిల పగుళ్లు ఎటు పోతున్నాయో, బ్లాక్ ఎందుకు సగంల ఇరుగుతుందో తెలిసినోళ్లని బయట అడగడానికి వెనకాడక్కర్లేదు. కానీ మీ టాన్ బ్రౌన్ గ్రానైట్ ఎవరు కొంటున్నారు, ఏ రేటుకి కొంటున్నారు అన్నది మాత్రం పక్కింటోడికి కూడా చెప్పకండి, దానికి ఏ లీజు పత్రమూ కాపలా కాయదు.

ప్రశ్న (హైదరాబాద్, మాదాపూర్): మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఇరవై మంది లోపే. ఈమధ్య ఒక సీనియర్ మానేశాడు, నోటీస్ పీరియడ్‌లో కేటీ సెషన్లు (తెలిసిన పని మిగతావాళ్లకి నేర్పే క్లాసులు) పెట్టించాం, రికార్డింగులు కూడా ఉన్నాయి, అయినా మొన్న ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోతే ఆయనకే ఫోన్ చేసి బతిమాలాల్సి వచ్చింది. దాంతో అందరూ తెలిసింది కంపెనీ వికీలో రాయాలని, పేజీకి 500 రూపాయల గిఫ్ట్ వోచర్ అని పెట్టాం. నెలలో కుప్పలు తెప్పలుగా పేజీలు వచ్చాయి, ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు వోచర్ ఆపండి. పేజీకి డబ్బు అంటే పేజీలే వస్తాయి, ఇంకేం వస్తాయి.

మన జిరాక్స్ మెషీన్ల కంపెనీ ఉంది కదా, దాని కథ వినండి. ఎనభైల్లో వాళ్ల పరిశోధన కేంద్రంలో జూలియన్ ఓర్ అని ఒక మానవశాస్త్రవేత్త ఉండేవాడు, మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి వాళ్లు పని ఎలా చేస్తారో చూశాడు. కంపెనీ దృష్టిలో అంతా మాన్యువల్‌లో ఉంది, ఎర్రర్ కోడ్ చూడు, పేజీ తియ్యి, చెప్పినట్టు చెయ్యి. నిజంగా జరిగేదేమో, మాన్యువల్‌లో లేని రోగం వచ్చినప్పుడు వాళ్లు టిఫిన్ దగ్గరో భోజనం దగ్గరో కలుసుకుని "నాకు ఆ ఆఫీసులో మెషీన్ ఇలా చేసింది, చివరికి ఫలానాది తేలింది" అని చెప్పుకునేవాళ్లు, విద్యంతా ఆ కబుర్లలో ఉండేది. బయటనుంచి చూస్తే పని ఎగ్గొట్టి కూర్చున్నట్టు ఉంటుంది.

దాంట్లోంచే తొంభైల్లో యురేకా అనే సిస్టమ్ వచ్చింది, ముందు ఫ్రాన్స్‌లో మొదలై తర్వాత కెనడాకి, అమెరికాకి పాకింది. టెక్నీషియన్ తను కనిపెట్టిన చిట్కా రాస్తాడు, తోటి టెక్నీషియన్లే దాన్ని పరీక్షించి ఓకే చేస్తారు, ఓకే అయ్యాక రాసినవాడి పేరుతోనే అందరికీ కనిపిస్తుంది. డబ్బులిద్దామా అనే మాట వస్తే టెక్నీషియన్లే వద్దన్నారు, డబ్బు పెడితే జనం లెక్క కోసం రాస్తారు, సరుకుండదు అని. మీ వోచర్ల సంగతి వాళ్లకి అప్పుడే తెలుసు. దానివల్ల కంపెనీకి 100 మిలియన్ డాలర్ల దాకా మిగిలిందని అప్పట్లో అంచనా వేశారు.

ఇరవై మందికి యురేకా అక్కర్లేదు. ఖాళీ దొరికినప్పుడు రాయమంటే ఎవరూ రాయరు, ఖాళీ దొరకదు. ప్రశ్న పుట్టినప్పుడు రాయాలి. జూనియర్ వచ్చి "ఈ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఎందుకు పడిపోతోంది" అని అడిగాడు, సీనియర్ చెప్పాడు, అప్పుడు రాయాల్సింది సీనియర్ కాదు, అడిగినవాడే. అడిగినవాడికే ఎక్కడ అర్థం కాలేదో తెలుసు, తెలిసినవాడు రాస్తే సగం మెట్లు దాటేసి రాస్తాడు. రాశాక సీనియర్ రెండు నిమిషాలు చూసి తప్పులు దిద్ది తన పేరు పెట్టాలి. ప్రతి పేజీ పైన చివరిసారి ఎవరు ఎప్పుడు సరిచూశారో ఉండాలి, పాతబడిన పేజీ అసలు లేనిదానికన్నా ప్రమాదం, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు రెండేళ్ల కిందటి కమాండ్ ఎవరైనా కాపీ పేస్ట్ చేశారంటే ఇక అంతే.

ఇంకో మాట, చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్తున్నా. మీ సీనియర్లు రాయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాకపోవచ్చు. తెలిసిందంతా రాసిచ్చేస్తే రేపు మనల్ని పంపేస్తారేమో అనే భయం ఉంటుంది, ఈమధ్య ఉద్యోగాలు పోతున్న తీరు చూస్తే ఆ భయాన్ని తప్పు పట్టలేం. రాసేవాళ్లకి మీ కంపెనీలో అప్రైజల్‌లో ఏం దొరుకుతోంది, అర్ధరాత్రి మంటలార్పే హీరోకి ఏం దొరుకుతోంది, ఒకసారి చూసుకోండి. హీరోకే హైక్ ఇస్తూ వికీ నిండట్లేదంటే ఎలా నిండుతుంది.

ప్రశ్న (రాజమండ్రి): నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. కొన్నేళ్లుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నాను. మా అబ్బాయి "నాన్నా, మీరు ఉచితంగా రాస్తారు, పెద్ద పెద్ద కంపెనీలు దాన్ని వాడుకుని కోట్లు సంపాదిస్తాయి" అంటాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ రాయబుద్ధి కావడం లేదు. వాడి మాటలో న్యాయం ఉందంటారా?

జవాబు: ఉందండి, మాస్టారూ. కాకపోతే మీరు రాసేది ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు అనే షరతు మీదే రాస్తున్నారు, వికీపీడియా లైసెన్సు అదే. ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలి, మార్చి బయటపెడితే అదే లైసెన్సుతో పెట్టాలి. కాబట్టి కంపెనీలు వాడుకోవడం దొంగతనం కాదు. తిరిగి ఏమిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఇచ్చేవాళ్లున్నారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు మొదలుపెట్టిన లినక్స్‌లో ఇవాళ రాసేవాళ్లు చాలామంది కంపెనీల జీతం మీద ఉన్న ఇంజనీర్లే. ఫ్రీగా దొరికే ఆ లినక్స్‌కి సర్వీసు అమ్మే రెడ్ హ్యాట్ కంపెనీని ఐబీఎం 2019లో 34 బిలియన్ డాలర్లకి కొనుక్కుంది, అందరికీ దొరికే దానిమీద అంత పెద్ద వ్యాపారం నిలబడగలదని దాంతో తేలిపోయింది. వికీపీడియా నడిపే సంస్థ కూడా 2021లో ఎంటర్‌ప్రైజ్ అని ఒక సర్వీసు పెట్టింది, పెద్ద కంపెనీలకి సమాచారం వేగంగా, పద్ధతిగా అందించి డబ్బు తీసుకుంటుంది, 2022లో మొదటి కస్టమర్లలో గూగుల్ ఉంది. మీకూ నాకూ మామూలుగానే ఉచితం.

చేదుగా ముగిసినవీ ఉన్నాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నలు జవాబులతో 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోని 2021లో 1.8 బిలియన్ డాలర్లకి అమ్మారు, అందులో జవాబులు రాసినవాళ్లకి రూపాయి కూడా రాలేదు. 2024లో ఆ సైటు చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీతో ఒప్పందం చేసుకుంటే ఒళ్లు మండి కొందరు తమ జవాబులు తామే చెరిపేయబోయారు, సైటు వాళ్లు వాటిని తిరిగి పెట్టేసి కొందరి అకౌంట్లు కొన్నాళ్లు ఆపేశారు. ఇప్పుడు అక్కడ కొత్త ప్రశ్నలే బాగా తగ్గిపోయాయి, ఏఐని అడిగేస్తున్నారు. ఏఐ నేర్చుకున్నది ఆ జవాబుల్లోంచే, రేపు కొత్త జవాబులు ఎవరు రాస్తారో ఆ కంపెనీలే ఆలోచించుకోవాలి. ఊటబావికి నీళ్లొచ్చే దారి మూసేసి చేద మాత్రం పెద్దది కొన్నట్టుంది వాళ్ల వ్యవహారం.

మీ సంగతికొస్తే, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, వ్యాసాలు లక్ష దాటాయి, దాని వెనక ఉన్నది మీలాంటివాళ్లే, పెద్ద సంఖ్యేం కాదు. మీరు మానేస్తే కంపెనీలకి ఏం కాదు, ఇంగ్లీషులోది తీసుకుని మెషీన్‌తో తర్జుమా చేసి పెట్టుకుంటాయి, మన ఊరి చెరువు గురించో మన కవి గురించో అది ఏం రాస్తుందో మీకు తెలుసు. నష్టం చదివే పిల్లలకి. మీ అబ్బాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అయితే ఒక్కటి అడగండి, ఆఫీసులో రోజూ ఎన్ని ఫ్రీ లైబ్రరీలు వాడతాడో, వాటిలో ఎన్నిటికి ఒక్క బగ్ రిపోర్టైనా రాశాడో.

ప్రశ్న (నెల్లూరు): సార్, మాది మిఠాయి షాపు, మా తాతలనాటి నుంచి ఉంది. తెలుగు వికీపీడియాలో మా షాపు గురించి పేజీ పెట్టాలంటే ఎంత ఖర్చవుద్ది? ఒకతను పాతిక వేలు అడుగుతున్నాడు.

జవాబు: ఇవ్వకండి. వికీపీడియాలో పేజీకి రేటు లేదు, డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పాలని 2014 నుంచి రూలే ఉంది, అతను మీకు ఆ ముక్క చెప్పి ఉండడు. పత్రికల్లోనో పుస్తకాల్లోనో మీ షాపు గురించి బయటివాళ్లు వివరంగా రాసిన దాఖలాలు లేకపోతే పేజీ పెట్టినా తీసేస్తారు, మీ పాతిక వేలు మాత్రం తిరిగి రావు.

దానికి బదులు ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ షాపు పెట్టించండి. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది, మ్యాప్‌ల వికీపీడియా అనుకోండి, ఎవరైనా ఎక్కించవచ్చు, పైసా ఖర్చు లేదు, అమెజాన్, మెటా లాంటి పెద్ద కంపెనీల వాళ్లే కూర్చుని దాంట్లో రోడ్లు గీస్తారు ఎందుకంటే వాళ్ల సర్వీసులు దానిమీద నడుస్తాయి. అందులో పెట్టింది చాలా యాప్‌లలోకి దానంతటదే వెళ్తుంది. షాపు ఒక్కటే పెట్టి ఊరుకోకుండా మీ సందు పేరు, పక్క మెడికల్ షాపు, ఎదురు గుడి కూడా పెట్టించండి, కొత్తవాళ్లు వచ్చేది ఆ గుర్తులతోనే. షాపు తీసే టైము, మూసే టైము రాయించండి, మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించేస్తారేమో, అది కూడా.